పదిహేను సెకన్ల పాట

ఈ పాట మీకు తెలుసు. పేరు చెబితే గుర్తుపట్టకపోవచ్చు గానీ, మోగితే మాత్రం పట్టేస్తారు. మ్యాచ్ ఓడిపోయిన కెప్టెన్ మొహం మీదికి కెమెరా మెల్లగా జూమ్ అవుతుంది. రంగులన్నీ పోయి బ్లాక్ అండ్ వైట్ అయిపోతుంది. వెనకాల గిటార్ తీగలు ఒక్కొక్కటిగా మోగుతాయి, ఇద్దరు మగాళ్లు గుసగుసలాడినట్టు చీకటిని పలకరిస్తారు. అంతే, మనం నవ్వేస్తాం. సప్లీ రిజల్ట్స్‌కి అదే పాట. క్రష్ ఎంగేజ్‌మెంట్ ఫోటోలకి అదే పాట. బిర్యానీలో లెగ్ పీస్ రాకపోయినా అదే పాట.

దాని పేరు 'ది సౌండ్ ఆఫ్ సైలెన్స్'. పాడింది పాల్ సైమన్, ఆర్ట్ గార్‌ఫంకెల్. మొదటిసారి రికార్డు చేసింది 1964లో. మొత్తం పాట మూడు నిమిషాల చిల్లర. నాకు మాత్రం చాలా ఏళ్లపాటు అందులో మొదటి పదిహేను సెకన్లే తెలుసు. ఆ పదిహేను సెకన్లని ఒకసారి నేనూ వాడాను. ఒక మనిషి మీద.

2017, బీటెక్ ఫైనల్ ఇయర్. మా కాలేజీకి ఆ సీజన్‌లో వచ్చినవే నాలుగు కంపెనీలు. మావాడు (మూడేళ్లు నా రూమ్మేట్, పేరు రాయను) ప్రతిసారీ ఆప్టిట్యూడ్ దాటేవాడు, టెక్నికల్ దాటేవాడు, చివర్లో హెచ్‌ఆర్ దగ్గర ఆగిపోయేవాడు. ఇంగ్లిష్‌లో మాట్లాడాల్సి వస్తే వాడి గొంతు సగంలో ఎక్కడికో పోయేది. మూడో కంపెనీ లిస్టు సెమినార్ హాల్ బయట అంటించినప్పుడు అందులో నా పేరుంది, వాడి పేరు లేదు. ఇన్‌షర్ట్ చేసుకుని, నేనిచ్చిన టై కట్టుకుని, ఫైలు చంకలో పెట్టుకుని వరండాలో నడిచొస్తున్నాడు. నేను ఫోన్ తీశాను. స్లో మోషన్, బ్లాక్ అండ్ వైట్, ఆ పాట. రెండు నిమిషాల పని. సెక్షన్ గ్రూప్‌లో పడేశాను.

నవ్వే ఎమోజీలు వరదలా వచ్చాయి. అప్పటిదాకా గ్రూప్‌లో నోరు మెదపనివాళ్లు కూడా నవ్వారు. మావాడు కూడా ఒక నవ్వే ఎమోజీ పెట్టాడు. అది నాకు సర్టిఫికెట్‌లా అనిపించింది. చూశారా, వాడే నవ్వుతున్నాడు!

ఆ రాత్రి సెలెక్ట్ అయినవాళ్లం హైవే మీద దాబాకి వెళ్లాం. పన్నెండింటికి తిరిగొచ్చేసరికి రూమ్‌కి తాళం వేసుంది. టై మడతపెట్టి కిటికీ చువ్వల మధ్య పెట్టాడు. మర్నాడు ఫోన్ చేస్తే "అమ్మకి ఒంట్లో బాలేదురా" అన్నాడు. సరే అన్నాను. ఒకసారి వాళ్లమ్మగారితో మాట్లాడదామని కూడా అనిపించలేదు. కాలేజీ అయిపోయిన నెలకి వాడు గ్రూప్‌లోంచి లెఫ్ట్ అయ్యాడని ఒక లైను కనిపించింది. పైన ఎవరో పెళ్లి పత్రిక, కింద ఎవరో గుడ్ మార్నింగ్. మధ్యలో ఆ లైను.

నేను ఇంతకాలం దాచిపెట్టిన నేరమేదో ఒప్పుకుంటున్నట్టు రాయడం లేదు. నిజానికి దాన్ని పూర్తిగా మర్చిపోయాను. అది ఇంకా ఘోరం అనుకుంటా.

మళ్లీ గుర్తొచ్చింది 2023లో. ప్రాజెక్ట్ అయిపోయి బెంచ్ మీద పడ్డాను. సాఫ్ట్‌వేర్‌లో లేనివాళ్ల కోసం చెబుతున్నా: బెంచ్ అంటే ఉద్యోగం ఉంటుంది, పని ఉండదు. కొన్నాళ్లయ్యాక ఉద్యోగం కూడా ఉండకపోవచ్చు. ఒంగోలులో అమ్మానాన్నలకి చెప్పలేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారన్నాను. ఫ్రెండ్స్‌కీ చెప్పలేదు. కొండాపూర్‌లో ఫ్లాట్, పక్క గదిలో ఉండే అతనికి పెళ్లయి వెళ్లిపోయాడు. రోజూ ఉదయం పదింటికి బెంచ్ కాల్ ఉండేది. నలభై మందికి పైగా ఉండేవాళ్లం. అందరి కెమెరాలూ ఆఫ్, అందరూ మ్యూట్. ఒక మేడమ్ పేర్లు చదివేవారు. మేం చాట్‌లో 'ప్రెజెంట్' అని టైప్ చేసేవాళ్లం. పదకొండు నిమిషాల్లో అయిపోయేది. మిగతా రోజంతా నా గొంతు నేను వినని రోజులు కూడా ఉన్నాయి. స్విగ్గీ అబ్బాయికి చెప్పే 'థాంక్స్ అన్నా' ఒక్కటే ఆ రోజుకి మాట.

అలాంటి ఒక రాత్రి యూట్యూబ్‌లో ఏవో పాటలు వాటంతటవే మారుతున్నాయి. ఈ పాట వచ్చింది. ముందు అలవాటుగా నవ్వొచ్చింది. వేలు స్క్రీన్ దాకా వెళ్లింది కూడా. పదిహేను సెకన్లు దాటింది. పదహారో సెకను నేనెప్పుడూ వినలేదని అప్పుడు తెలిసింది.

పాటలో ఒకడు కల కంటాడు. రాళ్లు పరిచిన సన్నటి వీధిలో ఒంటరిగా నడుస్తుంటాడు, చలి, వీధి దీపం. ఉన్నట్టుండి నియాన్ లైటు కళ్లలో గుచ్చుకుంటుంది. ఆ వెలుగులో వేలమంది జనం. నోళ్లు కదులుతుంటాయి, మాట మాత్రం పుట్టదు. చెవులుంటాయి, వినడం ఉండదు. ఇతను వాళ్లతో ఏదో చెప్పబోతాడు, చేతులు చాస్తాడు, ఎవరికీ పట్టదు. వాళ్లు తమ చేతులతో తయారుచేసుకున్న వెలుగు బొమ్మకే వంగి దండం పెట్టుకుంటుంటారు.

నలభై మంది మ్యూట్‌లో ఉన్న కాల్ గుర్తొచ్చింది. ఇది మా బెంచ్ కాల్ గురించి రాసిన పాట అనుకున్నాను, ఒట్టు. ఆ రాత్రి ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు. తర్వాత వారం రోజులు, ఎలాగూ పనిలేదు కాబట్టి, ఆ పాట గురించి దొరికిందల్లా చదివాను. చదివేకొద్దీ ఒక సంగతి తెలిసింది. ఈ పాట విన్న ప్రతివాడూ ఇది తన గురించే అనుకున్నాడు. అరవై ఏళ్లుగా.

రాసినప్పుడు పాల్ సైమన్‌కి 21 ఏళ్లు. అమ్మానాన్నల ఇంట్లో బాత్రూమ్‌లోకి వెళ్లి, లైటు ఆర్పేసి, గిటార్ వాయించుకునేవాడట. టైల్స్ వల్ల శబ్దం గుండ్రంగా తిరిగొస్తుంది కదా, అందుకు. కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు కూడా పెట్టుకునేవాడట. హాస్టల్ బాత్రూమ్‌లో సిద్ శ్రీరామ్ అయిపోయే ప్రతి ఇంజనీరింగ్ స్టూడెంట్‌కీ ఈ టెక్నిక్ తెలుసు. చీకటిని పలకరించడం అన్నది గొప్ప తత్వమేమీ కాదు, లైటు ఆర్పేసిన బాత్రూమ్. నాకు అది తెలిశాక పాట ఇంకా నచ్చింది.

సైమన్, గార్‌ఫంకెల్ ఇద్దరూ న్యూయార్క్‌లో క్వీన్స్ ఏరియా పిల్లలు. ఇద్దరూ 1941లో పుట్టారు. స్కూల్లో వేసిన 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' నాటకంలో స్నేహితులయ్యారు. హైస్కూల్లో ఉండగానే 1957లో 'టామ్ అండ్ జెర్రీ' అనే పేరుతో ఒక చిన్న హిట్టు కూడా కొట్టారు. తర్వాత ఏమీ లేదు. 1964 అక్టోబరులో అసలు పేర్లతో మొదటి ఆల్బమ్ వచ్చింది. ఈ పాట అందులోదే, ఒక్క అకూస్టిక్ గిటార్, రెండు గొంతులు. అమ్ముడుపోయింది దాదాపు 3,000 కాపీలు. అంటే అట్టర్ ఫ్లాప్. సైమన్ బ్యాగు సర్దుకుని ఇంగ్లండ్ వెళ్లి చిన్న చిన్న ఫోక్ క్లబ్బుల్లో పాడుకున్నాడు. గార్‌ఫంకెల్ కొలంబియా యూనివర్సిటీకి, చదువుకి తిరిగెళ్లిపోయాడు. జట్టు విడిపోయినట్టే.

ఇక్కడ శ్రోతలు వస్తారు కథలోకి. బోస్టన్‌లో ఒక రేడియో స్టేషన్‌లో అర్ధరాత్రి షో నడిపే డీజే ఈ పాట వేశాడు. అర్ధరాత్రి రేడియో ఎవరు వింటారు? చదువుకునే పిల్లలు, నిద్ర పట్టనివాళ్లు. హార్వర్డ్, టఫ్ట్స్ కాలేజీల స్టూడెంట్లు మళ్లీ మళ్లీ అడగడం మొదలుపెట్టారు. 1965 వసంతం సెలవుల్లో ఆ పిల్లలే ఫ్లోరిడా బీచ్‌కి వెళ్లినప్పుడు పాట కూడా వాళ్లతో వెళ్లింది. ఎవరూ ప్రమోట్ చేయలేదు, రీల్స్ లేవు. చచ్చిపోయిన పాటని హాస్టల్ గదుల్లో ఒంటరిగా కూర్చున్న పిల్లలు లేపారు.

తర్వాత జరిగింది చదివి, సాఫ్ట్‌వేర్‌వాడిగా నాకు ఒళ్లు జలదరించింది. రికార్డ్ కంపెనీలో ప్రొడ్యూసర్ టామ్ విల్సన్ 1965 జూన్ 15న స్టూడియోకి మ్యుజీషియన్లని పిలిచి, పాత రికార్డింగ్ మీదే ఎలక్ట్రిక్ గిటార్, బాస్, డ్రమ్స్ అతికించాడు. పాడిన ఇద్దరికీ చెప్పలేదు! ఒరిజినల్ రాసినవాడికి మాట మాత్రం చెప్పకుండా నేరుగా ప్రొడక్షన్‌లో ప్యాచ్ వేసెయ్యడమన్నమాట. పైగా పాత రికార్డింగ్‌లో టెంపో ఒక్కలా ఉండదు, ఇద్దరు మనుషులు ఊపిరి తీసుకుంటూ పాడింది కదా. డ్రమ్మర్‌కి దాన్ని పట్టుకోవడం కష్టమైంది. ఇప్పుడు విన్నా అక్కడక్కడా వాయిద్యాలు పాట వెనకాల కొంచెం పరిగెడుతున్నట్టు ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, తెలుస్తుంది. సైమన్ మొదటిసారి ఈ వెర్షన్ విన్నప్పుడు హడలిపోయాడట.

1966 జనవరి మొదటికల్లా అది అమెరికాలో నంబర్ వన్.

నాకు బాగా ఇష్టమైన సీన్ ఇది. నంబర్ వన్ అయిన రోజుల్లో ఇద్దరూ క్వీన్స్‌లో ఒక వీధిలో కారు ఆపుకుని కూర్చున్నారు. ఎక్కడికి వెళ్లాలో, ఏం చేయాలో తెలీదు. రేడియోలో అనౌన్సర్ వీళ్ల పాటే నంబర్ వన్ అని చెప్పాడు. గార్‌ఫంకెల్ సైమన్ వైపు తిరిగి, ఆ సైమన్ అండ్ గార్‌ఫంకెల్ ఎవరో గానీ తెగ ఎంజాయ్ చేస్తుండి ఉంటారు అన్నాడట. సైమన్ ఈ ముచ్చట చాలాసార్లు చెప్పుకున్నాడు. నాకు ఆఫర్ లెటర్ వచ్చిన రోజు దాబాలో ఎంత గోల చేశామో గుర్తుంది. అందులో నాకు ఎంత సంతోషమేసిందో మాత్రం గుర్తు రావడం లేదు.

ఇక వినేవాళ్ల సంగతి. 1963 నవంబరులో అధ్యక్షుడు కెనెడీని కాల్చి చంపారు. ఆ షాక్‌లో ఉన్న తరం ఈ పాట తమ దుఃఖం గురించే అనుకుంది. చాలామంది ఇప్పటికీ అలాగే చెబుతారు, కానీ సైమన్ దీన్ని అంతకుముందే మొదలుపెట్టాడు. 1967 చివర్లో 'ది గ్రాడ్యుయేట్' సినిమా వచ్చింది. డిగ్రీ అయిపోయి ఇంటికొచ్చిన కుర్రాడు, అందరూ నెక్స్ట్ ఏంటి అని అడుగుతుంటారు, వాడి దగ్గర జవాబుండదు. దర్శకుడు మైక్ నికోల్స్ ఎడిటింగ్‌లో తాత్కాలికంగా ఈ పాట పెట్టుకుని, ఇక తీయలేక అలాగే ఉంచేశాడు. ఆఖరి సీన్‌లో హీరో హీరోయిన్ పెళ్లి మండపం నుంచి పారిపోయి బస్సెక్కి వెనక సీట్లో కూర్చుంటారు. నవ్వుతుంటారు. కెమెరా కట్ చేయరు. నవ్వు మెల్లగా మొహాల్లోంచి జారిపోతుంది. అప్పుడు ఈ పాట. మన మీమ్స్‌లో ఉన్న జూమ్‌కి తాత ఆ సీనే అని నా అనుమానం.

మీమ్ సంగతికొస్తే, దాన్ని ప్రపంచమంతా తిప్పింది 2016 మార్చి. 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' సినిమాకి రివ్యూలు దారుణంగా వచ్చాయి. ఆ సంగతి అడిగితే పక్కన హెన్రీ కావిల్ ఏదో సమాధానం చెబుతుంటాడు, బెన్ ఎఫ్లెక్ ఒక్క మాట మాట్లాడకుండా శూన్యంలోకి చూస్తుంటాడు. ఎవరో ఆ మొహం మీదికి జూమ్ చేసి ఈ పాట వేశారు. ఆయన ఆ రోజుల్లో ఎలా ఉన్నాడో మనకెవరికీ అనవసరం. మేం కూడా హాస్టల్లో పడీపడీ నవ్వాం. మావాడు కూడా. నాకు ఐడియా అక్కడి నుంచే వచ్చింది.

అదే నెలలో, విచిత్రంగా, ఈ పాట ఇంకో దారిలో కూడా వచ్చింది. డిస్టర్బ్డ్ అని ఒక మెటల్ బ్యాండ్. దాని సింగర్ డేవిడ్ డ్రేమన్ గుండు, గడ్డం కింద రింగులు, చూస్తే భయమేసే మనిషి. ఒక టీవీ షోలో ఈ పాటని కింది స్వరం నుంచి మొదలుపెట్టి చివరికి గుండె బద్దలయ్యేలా పాడాడు. సైమన్ అది చూసి మెచ్చుకుంటూ ఈమెయిల్ పంపాడు. కోట్లమంది చూశారు. ఆ వీడియో చూస్తూ కళ్లు తుడుచుకునే రియాక్షన్ వీడియోలు మళ్లీ వేరే పరిశ్రమ. నా మాట అడిగితే, డ్రేమన్ గొప్పగా పాడాడు గానీ పాటని కోపంగా మార్చేశాడు. కోపం వచ్చినవాడు ఒంటరిగా ఉన్నట్టు కాదు, అవతల ఎవరో ఉన్నారని వాడికి నమ్మకం ఉంది కాబట్టే అరుస్తున్నాడు. 1964 వెర్షన్‌లో ఆ నమ్మకం కూడా లేదు. మెల్లగా, ఎవరికీ వినపడకపోయినా పర్లేదన్నట్టు ఉంటుంది. ఇది నా అభిప్రాయం, మెటల్ ఫ్యాన్స్ తిట్టుకోకండి.

శాన్‌ఫర్డ్ గ్రీన్‌బర్గ్ కథ కూడా ఈ పాట చుట్టూ తిరుగుతుంది. కొలంబియాలో గార్‌ఫంకెల్ రూమ్మేట్ ఈయన. 1961లో, కాలేజీ రోజుల్లోనే, గ్లకోమా వల్ల చూపు పోయింది. చదువు మానేసి ఊరికి వెళ్లిపోయాడు, ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. గార్‌ఫంకెల్ వాళ్ల ఊరు వెళ్లి మళ్లీ కాలేజీకి తీసుకొచ్చాడు. రోజూ పుస్తకాలు చదివి వినిపించేవాడు. వినిపించేటప్పుడు తనని తాను 'చీకటి' అని పిలుచుకునేవాడు. చీకటి ఇప్పుడు నీకు ఈ పాఠం చదువుతుంది అన్నట్టు. ఒకరోజు న్యూయార్క్ నడిబొడ్డున, తనకి పనుందని చెప్పి గ్రీన్‌బర్గ్‌ని ఒంటరిగా వదిలేశాడు. అతను జనాన్ని గుద్దుకుంటూ, కాళ్లకి దెబ్బలు తగిలించుకుంటూ, మెట్రో రైళ్లు మారి ఎలాగో క్యాంపస్ గేటు చేరాడు. అక్కడ ఎవరో తగిలి సారీ అన్నారు. గొంతు గార్‌ఫంకెల్‌ది. దారిపొడవునా వెనకాలే ఉన్నాడు. తర్వాత ఇద్దరికీ రికార్డింగ్ కోసం డబ్బు కావాల్సి వస్తే, గ్రీన్‌బర్గ్ తన దగ్గరున్న 400 డాలర్లు ఇచ్చేశాడు.

ఈ కథ తెలిసినవాళ్లలో చాలామంది పాట గ్రీన్‌బర్గ్ కోసమే రాశారంటారు. పాట రాసింది సైమన్, గార్‌ఫంకెల్ కాదు. కానీ వినేవాళ్లకి అలా అనుకోవాలని ఉంటుంది. చీకటి అని పిలిచినప్పుడు పలకడానికి అవతల ఒక రూమ్మేట్ ఉండాలని ఉంటుంది. నేనైతే ఈ కథ చదివి ల్యాప్‌టాప్ మూసేశాను. వాడి రూమ్మేట్ వాడి వెనకాల దారంతా నడిచాడు. నేను వరండాలో ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

1981 సెప్టెంబరు 19న న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఇద్దరూ కచేరీ చేశారు. అప్పటికి విడిపోయి పదకొండేళ్లు. ఫ్రీ కచేరీ, 5 లక్షల మంది వచ్చారని చెబుతారు. చివర్లో ఈ పాట పాడారు. వేలమంది జనం కనిపించారనే మాట దగ్గరికి వచ్చేసరికి జనం ఒక్కసారిగా కేకలు, విజిల్స్. మా గురించే, మా గురించే అన్నట్టు. పాటలో ఆ జనం ఎవరు? ఒకరి మాట ఒకరు విననివాళ్లు. అది విని అంతమంది చప్పట్లు కొట్టారు. మొదట నాకు నవ్వొచ్చింది. రెండోసారి విన్నప్పుడు మాత్రం ఆ కేకలు బాగున్నాయనిపించింది. అక్కడ నిలబడి ఉంటే నేనూ విజిల్ వేసేవాడినేమో.

2011 సెప్టెంబరు 11న, ట్విన్ టవర్స్ కూలి పదేళ్లయిన రోజు, అదే చోట సైమన్ ఒక్కడే గిటార్ పట్టుకుని ఇదే పాట పాడాడు. టోపీ పెట్టుకున్న ముసలాయన, 69 ఏళ్లు. జనం ఏడుస్తూ విన్నారు. చప్పట్లు పెద్దగా లేవు. ఇప్పటి పిల్లలేమో ఇది స్మార్ట్‌ఫోన్ గురించి అంటున్నారు. వెలుగు బొమ్మకి తలవంచడం, మాట్లాడకుండా మాట్లాడటం, అంతా సరిపోతుంది కదా మరి. 1964లో ఫోన్‌కి తీగ ఉండేది.

వీటన్నిటికీ సైమన్ చెప్పే మాట వింటే కొంచెం నిరాశగా ఉంటుంది. అది పెద్ద లోతైన అనుభవమేమీ కాదని, ఆ వయసు కుర్రాడి దిగులని, అందులో కొంత నిజం ఉండబట్టి, ట్యూన్ తేలిగ్గా పాడుకునేలా ఉండబట్టి జనానికి ఎక్కిందని ఆయన ఒక ఇంటర్వ్యూలో చెప్పుకొచ్చాడు. నా మాటెవరూ వినట్లేదు అనే కుర్రాడి గోల. అంతేనట. నాకు మాత్రం ఆ మాటలో 'కుర్రాడి' అన్నది నచ్చలేదు. మా నాన్న దేవదాసు పాటలు పెట్టుకుని వరండాలో పడక్కుర్చీలో కూర్చుంటే అమ్మ కూడా కదిలించదు. ఆయనకి అరవై దాటాయి.

బెంచ్ మీద రెండో నెల చివర్లో మావాడికి మెసేజ్ పెట్టాను. నంబర్ అదేనో కాదో కూడా తెలీదు. 'ఎలా ఉన్నావ్ రా' అని టైప్ చేసి చెరిపేశాను, మళ్లీ టైప్ చేశాను. ఒక్క టిక్కే ఉంది సాయంత్రం దాకా. రాత్రి తొమ్మిదింటికి వాడే ఫోన్ చేశాడు.

"ఏరా మామా, బతికే ఉన్నావా?"

గొంతు సగంలో ఎక్కడికీ పోలేదు. 2019లో సచివాలయం ఉద్యోగాలు పడినప్పుడు పరీక్ష రాసి డిజిటల్ అసిస్టెంట్ అయ్యాడట. రోజంతా మనుషులతోనే పని. పెన్షన్ రాలేదని వచ్చే ముసలమ్మలు, సర్టిఫికెట్ల కోసం వచ్చే పిల్లలు. "సర్వర్ డౌన్ అయితే తిట్లన్నీ నాకేరా" అన్నాడు. పెళ్లయింది, పాప. నేను బెంచ్ సంగతి చెప్పాను. ఇంట్లో చెప్పలేదని కూడా చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అన్నం తింటున్నావా, ఆ స్విగ్గీయేనా?" అన్నాడు.

అప్పుడు వీడియో సంగతి ఎత్తాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు, తడబడ్డాను, ఇంగ్లిష్‌లో సారీ కూడా చెప్పినట్టున్నాను.

"ఆ వీడియోనా?" అని నవ్వాడు. "బానే తీశావ్ రా. టై మాత్రం వంకరగా ఉంది."

"నిజం చెప్పు."

కాసేపు ఫ్యాన్ చప్పుడు వినిపించింది. ఇప్పుడు నేను వాడి మాటలు గుర్తున్నంతవరకు రాస్తున్నాను. "వీడియోకి నాకేం కాలేదు మామా. ఎవడైనా చేస్తాడు, నేనైతే నీకు ఇంకా ఘోరంగా చేసేవాణ్ణి. ఆ రాత్రి పదకొండున్నర దాకా రూమ్‌లోనే ఉన్నా. నువ్వు వస్తావని. లాస్ట్ బస్సు పన్నెండు తక్కువ పదికి."

మేం పన్నెండింటికి వచ్చాం. ముందే రాశాను కదా.

ఏం చెప్పాలో తోచలేదు. నా పక్కన మ్యూట్ బటన్ లేదు. ఇద్దరం అలాగే ఫోన్ పట్టుకుని ఉన్నాం. అవతల పాప ఏడుపు వినిపించింది, వాడు ఫోన్ పెట్టకుండానే పాపని ఎత్తుకున్నాడు.

"అమ్మకి నిజంగానే బాలేదా?" అనడిగాను.

"షుగర్ రా. ఎప్పుడూ ఉండేదేగా." తర్వాత వాడే అన్నాడు, "ఆ పాట మాత్రం బస్సులో మొత్తం విన్నా. నువ్వు పెట్టింది ముక్కే కదా, మిగతాది ఏముందా అని డౌన్‌లోడ్ చేశా. సగం అర్థం కాలేదు. చిలకలూరిపేట దాకా అదే."

నాకంటే ఆరేళ్ల ముందే వాడు పదహారో సెకను దాటాడన్నమాట.

నా బెంచ్ ఇంకో ఇరవై రోజులకి తీరింది, వేరే ప్రాజెక్ట్ దొరికింది. ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది. మావాడితో వారానికో రెండుసార్లు మాట్లాడతాను, ఎక్కువగా వాడే మాట్లాడతాడు. మొన్న వాడికి డిస్టర్బ్డ్ వెర్షన్ పంపించాను, ఎలా ఉందో చెప్పమని. రాత్రికి వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెనకాల పాప అరుస్తోంది, టీవీ మోగుతోంది, వాళ్లావిడ ఏదో అడుగుతోంది.

"వీడెందుకురా అంత గట్టిగా అరుస్తున్నాడు? పాప లేచింది."